నార్నియా సింహం, మన అప్పన్న, పక్కింటి పాప యేసయ్య

ఈ వేసవి సెలవుల్లో మా అక్క కూతురు విజయనగరం వచ్చి మా ఇంట్లోనే ఉంది, ఫోన్ చేతిలోంచి లాగేసి రోజూ సాయంత్రం సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా (ఏడు పుస్తకాల పిల్లల కథ) చదివి వినిపిస్తున్నా, ఇంగ్లీషులో చదవడం మధ్యమధ్యలో తెలుగులో చెప్పడం. పక్కింటి పాప కూడా వచ్చి కూర్చుంటాది, ఆ పిల్ల సండే స్కూల్ ఒక్క వారం మానదు. రాతి బల్ల చాప్టర్ వచ్చింది. మిఠాయికి ఆశపడి అన్నాచెల్లెళ్ళనే మంత్రగత్తెకి పట్టించబోయిన ఎడ్మండ్‌కి బదులు అస్లాన్ అనే సింహం తనే వెళ్ళి కత్తి కింద పడుకుంటుంది, దాన్ని కట్టేసి, జూలు గొరిగేసి, మూతికి చిక్కం కట్టి, నానా ఎక్కిరింపులూ ఎక్కిరించి చంపేస్తారు, తెల్లారేసరికి లేచి వచ్చేస్తుంది. మా గుంటకి కోపం వచ్చీసింది. "సింహం కదా పిన్నీ, సింహాచలం అప్పన్నలాగ ఆ మంత్రగత్తె పొట్ట చీరీవచ్చు కదేటి, ఊరికే ఎందుకు పడుకున్నాది?" పక్కింటి పాప మాత్రం తాపీగా "యేసయ్య కూడా అలాగే చేసేడు" అంది, జంతికలు నములుతూ.

అసలు సంగతంతా మా దాని ప్రశ్నలోనే ఉంది. ఇంటికో అప్పన్నో సింహాచలమో అప్పలరాజో ఉండే జిల్లాలు మావి, ఇక్కడి పిల్లలకి సింహం అంటే స్తంభం బద్దలుకొట్టుకొచ్చి హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకుని చీల్చే నరసింహుడే, భక్తుడి కోసం దుర్మార్గుణ్ణి చంపుతాడు, లెక్క సరిపోతుంది. ఇక్కడేమో సింహం కాపాడింది మంచోణ్ణి కాదు, ద్రోహం చేసినోణ్ణి, అదీ ఎవర్నీ చంపకుండా తను చచ్చి. ఈ తేడా మాట్లాడకుండా అస్లాన్ అంటే క్రీస్తు అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు విసుగు.

పోలికలు కావాలంటే బోలెడున్నాయి లెండి. సింహం లేచినప్పుడు ఆ రాతి బల్ల రెండు ముక్కలవడం యేసు చనిపోయినప్పుడు దేవాలయం తెర చిరగడంలాగ, పొద్దున్నే లేచిన సింహాన్ని ముందు చూసేది ఎడ్మండ్ అక్క సూసన్, చెల్లి లూసీ, యేసు సమాధి దగ్గరకి ముందు వెళ్ళిన ఆడవాళ్ళలాగ. సింహం అనేది కూడా బైబిల్‌లోదే, ప్రకటన గ్రంథం 5వ అధ్యాయంలో యూదా గోత్రపు సింహము గెలిచిందని చెప్తారు, యోహాను తీరా చూస్తే అక్కడ వధించిన గొర్రెపిల్ల ఉంటుంది. 1952లో వచ్చిన మూడో పుస్తకం చివర్లో లూయిస్ దీన్ని తిరగేశాడు, పిల్లలకి ఒడ్డున ఒక తెల్ల గొర్రెపిల్ల కనిపించి చేపలు తినండని పిలిచి (అది కూడా యోహాను సువార్త 21లోదే) వాళ్ళ కళ్ళముందే సింహం అయిపోతుంది.

మరి లూయిస్ ఏమంటాడంటే తను ముందు క్రైస్తవం ఎక్కించాలని కూర్చోలేదట, మంచులో గొడుగు పట్టుకుని నడిచే ఒక ఫాన్ బొమ్మ (సగం మనిషి సగం మేక) పదహారో ఏట నుంచీ బుర్రలో ఉండిపోయిందట, సింహం తర్వాత దూకిందట. అలాంటి లోకం ఒకటుంటే క్రీస్తు అక్కడ ఎలా వస్తాడో ఊహించా తప్ప ఒక్కోదానికీ ఒక్కో అర్థం అంటించలేదు అంటాడు. చిన్నప్పుడు దేవుడి మీద భక్తి ఉండాలి ఉండాలి అని చెప్పీ చెప్పీ ఆ భక్తే గడ్డకట్టించేశారు, అందుకే కథలోంచి దొంగదారిన తీసుకొచ్చా అని కూడా రాశాడు. నేను సగం నమ్ముతా. ఎందుకంటే ఆ చాప్టర్‌లో నాకు బాగా నచ్చింది ఎలకలు, చచ్చిపడున్న సింహం కట్లు కొరికే చిన్న ఎలకలు. సువార్తల్లో ఎక్కడా లేవవి. మా గుంట వెంటనే "రాముడి ఉడత!" అంది, ఇక ఆ ఎలకలు మావే అయిపోయాయి. తర్వాతి పుస్తకంలో ఎలకలకి మాటలొచ్చింది ఈ సాయానికే అని అస్లాన్ చెప్తుంది.

నాకు పేచీ ఏడో పుస్తకంతోనే, 1956లోది. అందులో శత్రుదేశం వాళ్ళు నల్లటి వాళ్ళు, తలపాగాలు, వంకర కత్తులు, వాళ్ళ దేవుడు తాష్ రాక్షసుడు. ఎమెత్ అనే కుర్రాడు చిన్నప్పట్నుంచి ఆ తాష్‌నే నిజాయితీగా కొలిచాడు, చివర్లో అస్లాన్ నువ్వు ఆడికి చేసిన సేవంతా నా ఖాతాలోనే పడింది అంటుంది. ఒక చర్చి మనిషి ఆ రోజుల్లో ఇంత రాయడం పెద్దమనసే, కాదనను, కానీ ఎదుటివాడి మంచంతా మాదే, చెడంతా వాడి దేవుడిదే అంటే తలపాగాల వైపు కూర్చుని చదివేవాళ్ళకి గుచ్చుకుంటాది కదా. ఇక సూసన్. ఆ పిల్లకి లిప్‌స్టిక్కులూ నైలాన్ మేజోళ్ళూ పార్టీలే ఎక్కువైపోయాయని వేరేవాళ్ళ చేత అనిపించి చివర్లో మిగతావాళ్ళు వెళ్ళే అస్లాన్ లోకంలోకి రానివ్వలేదు, సింహం పక్కన రాత్రంతా ఏడ్చిన పిల్లని! ఫిలిప్ పుల్మన్ అనే రచయిత 1998లో గార్డియన్ పేపర్లో ఈ పుస్తకాల్ని ఉతికి ఆరేశాడు, మరీ ఘాటుగా అన్నాడు గానీ సూసన్ విషయంలో నేను ఆయన పక్షమే. అక్కడ కథ ఆగిపోయి పాస్టర్ గారు మైకు అందుకున్నట్టుంటుంది.

అందుకే ఆరు పుస్తకాలు ఇద్దరికీ కలిపి చదువుతా, ఏడోది మాత్రం ఇప్పుడే ఇవ్వను. కాస్త పెద్దయ్యాక వాళ్ళంతట వాళ్ళే చదువుకోనీ, సూసన్ గురించి ఇద్దరూ ఎలాగూ దెబ్బలాడతారు, పక్కింటి పాప ఎటువైపు ఉంటాదో చూడాలి.