25 మిల్లీమీటర్లు

ఫోర్‌మన్ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, అదే రెండు రోజులుగా మింగుడుపడట్లేదు.

రైలు పట్టాల పక్కన డ్రైనేజీ పైపు వేస్తున్నాం. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య 30 మీటర్లు, వాటం 200కి 1, అంటే మీటరుకి 5 మిల్లీమీటర్లు దిగాలి. సాయంత్రానికి పైపులన్నీ కలిపి, చుట్టూ కంకర పోసి, పైన మట్టిని ఆపి నీళ్ళని వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ కప్పబోతుంటే ఆయన మట్టం చూసే లేజర్ పెట్టి చూశాడు. ఒక జాయింట్ దగ్గర పైపు 25 మిల్లీమీటర్లు కుంగింది. తీసెయ్యమన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బొటనవేలంత తేడా! మొత్తమ్మీద 150 మిల్లీమీటర్ల వాటం ఉందిగా, నీళ్ళు పోక ఏం చేస్తాయి అన్నాను. ఆయన వాదించకుండా ఎగువ మ్యాన్‌హోల్‌లో రెండు బకెట్లు గుమ్మరించాడు, కాసేపాగి టార్చి నా చేతికిచ్చాడు. మా పైపుకి నీళ్ళు లోపలికి దిగే చిల్లులు పై సగంలోనే ఉంటాయి, అడుగు మూసే ఉంటుంది. సరిగ్గా ఆ జాయింట్ దగ్గర నీళ్ళు నిలబడి మెరుస్తున్నాయి. నీళ్ళతో వచ్చే మట్టి అక్కడే పేరుకుంటుందని, పైపు పూడితే పట్టాల కింది మట్టి కట్ట నానిపోతుందని, అప్పుడు రైలు వెళ్ళినప్పుడల్లా బురద పట్టాల కింది కంకరలోంచి పైకి తన్నుకొచ్చి పట్టాలు కుంగుతాయని చెప్పాడు. నెమ్మదిగా, పిల్లాడికి చెప్పినట్టు.

మన మేస్త్రీ అయితే నాలుగు తిట్టేవాడు, మనం రెండు గొణుక్కునేవాళ్ళం, లెక్క సరిపోయేది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పైగా నాకు పని రాదనుకున్నాడేమోనని ఇంకో బాధ. నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం చూసి గోడలు లేపినవాణ్ణి నేను, ఆ గొట్టం ఏ లేజర్‌కీ తీసిపోదు, బ్యాటరీ కూడా అక్కర్లేదు.

కానీ తప్పు మట్టం చూడటంలో లేదు, అది నాకు తెలుసు. అక్కడ మిషన్ కాస్త లోతుగా తవ్వేసింది. టైమ్ లేదని వదులు మట్టి వేసి పైన పైపు పెట్టేశాను, దిమ్మిస వెయ్యలేదు.

కంకర తియ్యడానికి ఆయన కూడా పార పట్టుకుని కందకంలోకి దిగాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. పైపు లేపాక ఆ చోట మడమతో నొక్కాడు, బూటు దిగిపోయింది. నా మొహం చూశాడు, ఏమీ అడగకుండా దిమ్మిస అందించాడు.