మోకాళ్ల పర్వతం దాటాలనుకున్నాక

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. అందులో సగానికి పైగా గాలిగోపురం లోపే వచ్చేస్తాయి, అదీ బాగా నిటారుగా. బరువు కాస్త తగ్గానన్న ధైర్యంతో మొదటిసారి బయల్దేరినప్పుడు నేను అక్కడిదాకే వెళ్లగలిగాను. ఎడమ మోకాలు వాచి, ఇక మడత పడలేదు. నెమ్మదిగా కిందికి దిగి, బస్సులో కొండకెళ్లి దర్శనం చేసుకున్నాం. స్వామి ముందు నిలబడ్డప్పుడు కూడా నా మనసు గాలిగోపురం దగ్గరే ఉంది.

ఇంటికొచ్చాక డాక్టర్ నడక ఆపమన్నారు. తూకం మళ్లీ పైకి లేచింది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, ఎందుకో నాకు బాగా తెలుసు. తగ్గడానికి నెలలు పట్టిన బరువు రోజుల్లో తిరిగొస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. అయితే అలా గబుక్కున పెరిగేదంతా కొవ్వు కాదు. శక్తి కోసం ఒంట్లో దాచుకునే పిండిపదార్థం గ్లైకోజెన్. అది ఒక గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మొదట్లో చకచకా తగ్గేదీ, మానేయగానే తిరిగొచ్చేదీ చాలావరకు ఆ నీరే. ఈ సంగతి తెలిశాక తూకం చూస్తే టెన్షన్ పడటం తగ్గింది.

నన్ను నిజంగా మార్చింది మాత్రం ఆ ఆగిపోవడమే. అంతకుముందు నా లక్ష్యం 'బరువు తగ్గాలి' అన్న ఒక్క మాట. దానికి ఒక చోటంటూ లేదు. ఇప్పుడు నేను ఎక్కడ ఆగానో, దాని తర్వాత ఏముందో నాకు తెలుసు. ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల దాకా తగ్గుతుందట. అన్ని మెట్లకూ కలిపి అదెంతవుతుందో లెక్కేసుకున్నాను. ఆ తర్వాత అర కిలో తగ్గినా చిన్నగా అనిపించలేదు. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన తొడ కండరాల వ్యాయామాలు విసుగ్గా ఉన్నా మానలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు దారి మొదట్లో ఉండే తలయేరు గుండు అనే బండకు మోకాళ్లు ఆనించి, మొక్కుకుని ఎక్కడం మొదలుపెట్టాను. కొంత దూరం పోయాక ముందు ఒక పెద్దావిడ కనిపించింది. మెట్టు మెట్టుకూ వంగి, మూడు వేళ్లతో పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, నడుము మీద చెయ్యేసుకుని లేచి, తర్వాతి మెట్టుకు వెళ్తోంది. ఒక్క మెట్టు కూడా వదల్లేదు. నేను ఆయాసపడుతుంటే చూసి, "కూచో నాయనా, కొండ యాడికీ పోదులే" అంది. కూర్చున్నాను. ఆమె నన్ను దాటి వెళ్లిపోయింది.

గాలిగోపురం దాటాక దారి చాలాదూరం చదునుగా ఉంటుంది. జింకల పార్కు దగ్గర పిల్లల సందడి. ఆ పైన మోకాళ్ల పర్వతం. ఈ కొండ మీద పాదం మోపకూడదని రామానుజాచార్యులు మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. ఇప్పటికీ కొందరు భక్తులు అలాగే ఎక్కుతారు. నేను కొన్ని మెట్లకోసారి కూర్చుంటూ, కమ్మీ పట్టుకుని లేస్తూ ఎక్కాను. ఎడమ మోకాలు నొప్పి పుట్టింది గానీ మడత పడింది. చివరి మెట్టు మీద నిలబడి గట్టిగా గోవింద అన్నాను. పక్కన ఎవరెవరో అందుకున్నారు.

ఈమధ్య తూకం మళ్లీ కదలడం లేదు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తీ తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది కాబట్టి ఇలా ఆగడం మామూలే. వ్యాయామాల్లో కొంచెం మార్పు చేసుకున్నాను. వచ్చేసారి తిరుమలకున్న మరో మెట్లదారి, శ్రీవారి మెట్టు మీదుగా వెళ్లాలని ఉంది. మెట్లు తక్కువే గానీ దూరం కూడా తక్కువ, అందుకే ఆ ఎక్కుడు మరీ నిటారు. మోకాలిని దానికి సిద్ధం చేస్తున్నాను.