చివరిసారి ఎప్పుడు చూశారు?

2023 ఆగస్టు 17వ తేదీ తెల్లవారుజామున, మూడు గంటలు కావస్తుండగా, చెన్నైలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టరు మా ఆవిడ వైపు తిరిగి, "ఈయన మామూలుగా ఉండగా మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?" అని తమిళంలో అడిగాడు. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఆదివారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర" అని చెప్పింది. ఆనాడు గురువారం. డాక్టరు రాస్తున్న కలం ఆపి, ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా?" అన్నాడు. పక్కనున్న నర్సు తల దించుకుంది. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

పక్షవాతం వచ్చి నాకు నోట మాట పోయింది కాని, చెవులు పోలేదు. ఆ ప్రశ్న, ఆ జవాబు, ఆ తరువాతి మాట, మూడూ స్పష్టంగా విన్నాను. జవాబు చెప్పవలసింది నేను. నోరు తెరిస్తే "అది... అది..." అన్న ముక్క తప్ప మరొకటి రాలేదు. ఏడాదిన్నర గడిచి మాట తొంభై పాళ్ళు తిరిగి వచ్చింది కనుక, ఆ జవాబును ఇప్పుడు రాతపూర్వకంగా చెప్పదలచుకున్నాను.

మాది నెల్లూరు జిల్లా. ఐటీఐలో టర్నర్ పని, అంటే లేత్ మిషను మీద ఇనుమును తిప్పి చెక్కే పని, నేర్చుకొని 1997లో చెన్నైకి వచ్చాను. పదమూడు, పద్నాలుగేళ్ళు ఇతరుల షెడ్లలో లేత్ పట్టి, 2011లో అంబత్తూరు పారిశ్రామికవాడలో రెండు పాత లేత్‌లతో సొంత షెడ్డు పెట్టుకున్నాను. బుష్‌లు, షాఫ్టులు, చిన్న చిన్న పిన్నులు జాబ్ ఆర్డర్ల మీద చేసి ఇచ్చేవాళ్ళం. మొదటి ఐదేళ్ళు నేను పడ్డ కష్టం పొట్టకూటి కోసమే, అందులో నాకు పశ్చాత్తాపం లేదు. కాని 2016 నాటికి అప్పు తీరింది. ఇల్లు గడిచేది. ఆపైన పెరిగిన గంటలు అవసరం కోసం కావు. మధ్యలో ఇంకొకరి ద్వారా కాకుండా పెద్ద కంపెనీకి నేరుగా సరుకు ఇవ్వాలి, వాళ్ళ పుస్తకాల్లో నా పేర వెండర్ కోడ్ ఉండాలి అన్న పట్టుదల నన్ను పట్టుకుంది. అందుకోసం కంప్యూటరుతో నడిచే ఒక సీఎన్‌సీ మిషను కొన్నాను, ఆ వాయిదాలు కట్టడానికి రాత్రి షిఫ్టు పెట్టాను, రాత్రి షిఫ్టును నమ్మలేక నేనే కాపలా ఉన్నాను. ఉదయం ఎనిమిదికి వెళ్ళి రాత్రి పదకొండుకు రావడం, వారానికి ఆరు రోజులు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఇంట్లో ఉండేవాణ్ణి.

మా ఆవిడ మొదట్లో నా కోసం మేలుకొని ఉండేది. చారు మళ్ళీ వెచ్చబెట్టి, అప్పడం అప్పుడే వేయించి పెట్టేది. 2018లో ఒక రాత్రి నేనే, "నువ్విలా కూర్చుంటే నాకు పని మీద మనసు నిలవదు, పడుకో, నా తలుపు నేను తీసుకుంటాను" అన్నాను. రెండో తాళంచెవి చేయించుకున్నాను. పిల్లలకు నిద్రాభంగమని ముందు గదిలో మంచం వేయించుకున్నాను. నా మేలు కోరి ఆమె అడిగే "ఏమండీ, తిన్నారా, మాత్ర వేసుకున్నారా" అన్న ప్రశ్నలు నాకు అడ్డంకులుగా తోచేవి. విసుక్కోగా విసుక్కోగా ఆమె అడగడం మానేసింది. నన్ను చూడవద్దని నేనే చెప్పి, చూడలేదన్న నింద ఆమె మీద పడుతుంటే నేను స్ట్రెచర్ మీద పడుకొని విన్నాను. డాక్టరుకు ఆనాడు దొరకని జవాబు ఇదే.

రక్తపోటు ఉందని నాకు 2019లోనే తెలుసు. రోజుకొక మాత్ర. 2023 జూన్‌లో మాత్రల అట్ట అయిపోతే, రేపు తెచ్చుకుందామనుకుంటూ రెండు నెలలు గడిపాను. ఆగస్టు 15 సెలవు నాడు కూడా, కంపెనీ వెనక్కి పంపిన బుష్‌లను షెడ్డులో ఒంటరిగా కూర్చుని మైక్రోమీటరుతో ఒక్కొక్కటే కొలిచాను.

16వ తేదీ రాత్రి ఇంటికి వచ్చి, 11.40కి రాత్రి షిఫ్టు సూపర్‌వైజరుతో ఫోనులో మాట్లాడి పడుకున్నాను. రెండు గంటలప్పుడు దాహమై లేచి గ్లాసు అందుకున్నాను. చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపోయింది. జారిపోయినట్టు తెలియలేదు, చప్పుడు విన్నాను. చెయ్యి నాది కాదన్నట్టుగా ఉంది. తరువాత కుడికాలు మడతపడి గోడవారగా కూలబడ్డాను. ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి మేలుకొని ఉండి ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నాన్నా" అంటూ లైటు వేసి నా ముఖం చూసి అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. నోరు ఒక పక్కకు జారిందట. మా ఆవిడ కంగారులో నీళ్ళు తాగించబోతే అమ్మాయే ఆపింది. ఆ స్థితిలో మింగడం కూడా దెబ్బతిని నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునని బడిలో ప్రథమచికిత్స తరగతిలో చెప్పారట.

ఆసుపత్రిలో తలకు సీటీ స్కాన్ తీశారు. మెదడులో రక్తనాళం చిట్లి రక్తం కారిందా, రక్తపు గడ్డ అడ్డుపడిందా అన్నది తేలాలి, ఎందుకంటే రెండింటి వైద్యం పూర్తిగా వేరు. నాది గడ్డ. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది కాని, మాట పడిపోయిన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి, అది దాటితే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఎక్కువ. మొదలైన వేళ ఎవరూ చూడకపోతే, మనిషి బాగున్నట్టు చివరిసారి తెలిసిన వేళ నుంచే లెక్క వేస్తారు. అందుకే డాక్టరు ఆ ప్రశ్న అడిగాడు. ఆదివారం అన్న జవాబుతో ఆ మందు నాకు అందకుండా పోతుందని నాకు అర్థమైంది, ఎందుకంటే "టైము తెలియకపోతే ఇవ్వలేము" అని అతను నర్సుతో అన్న మాట కూడా విన్నాను. వేళ నాకు తెలుసు. 11.40. ఆ అంకె నా తలలో దీపంలా వెలుగుతోంది. నోటికి మాత్రం అందడం లేదు. నా జీవితంలో అంత భయం ఎన్నడూ ఎరగను. బతికి ఉండగానే గోడ కట్టి లోపల మూసేసినట్టు ఉంది.

పనిచేస్తున్న ఎడమచేతిని చెవి దగ్గరకు తీసుకెళ్ళి, మళ్ళీ మళ్ళీ అదే చూపించాను. మా ఆవిడ నా చెవి నొప్పెడుతోందనుకుంది. అమ్మాయి మాత్రం నా కళ్ళలోకి చూసి, "ఫోనా నాన్నా?" అంది. నా ఫోనులో చివరి కాల్ చూసి సూపర్‌వైజరుకు ఫోను చేసి, డాక్టరు చేతికి ఇచ్చింది. తిరువణ్ణామలై వైపు కుర్రవాడు అతను. "సార్ పదకొండు నలభైకి మాట్లాడారు. బోరు సైజు ఇరవై మైక్రాన్లు తేడా వచ్చిందని ఏడు నిమిషాలు తిట్టారు. మాట బాగానే ఉంది" అన్నాడు. నేను ఆరోగ్యంగా ఉన్నానని చెప్పడానికి ఆ రాత్రి దొరికిన ఏకైక సాక్ష్యం, నేను ఒకరిని తిట్టిన తిట్టు. ఇంట్లో ఉన్న ముగ్గురికీ తెలియని సంగతి, పదిహేను కిలోమీటర్ల దూరాన మిషను ముందున్న కుర్రవాడికి తెలుసు.

గడువు 4.10 దాకా ఉంది. రక్తపోటు 200 దాటి ఉంటే ముందు దాన్ని దించి, 3.35కి ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మొదట పదోవంతు ఒక్కసారిగా ఇచ్చి, తక్కినది గంటసేపు ఎక్కించారు. ఆ గంటా నా పక్కనుంచి కదలకుండా నిలబడినవాడు ఆ డ్యూటీ డాక్టరే. పావుగంటకొకసారి చెయ్యి ఎత్తమనీ, పేరు చెప్పమనీ అడుగుతూ, కుడిచేతి వేళ్ళు మొదటిసారి కదిలినప్పుడు నాకంటే ముందు అతనే చూసి నవ్వాడు. ఈనాడు నేను ఈ అక్షరాలు రాస్తున్న చెయ్యి అతను పెట్టిన భిక్ష. అతనికి చేతులెత్తి మొక్కుతాను. మా ఆవిడను అన్న ఆ మాటను మాత్రం క్షమించలేను. అర్ధరాత్రి భర్తను మోసుకొచ్చిన మనిషిని నలుగురిలో అలా అనకూడదు. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి మరొకదాన్ని చెరపడం లేదు.

ఆ మాట ఆసుపత్రిలోనే ఆగలేదు. మా బావమరిది బాధతో ఊళ్ళో ఎవరితోనో అనగా మా అమ్మ చెవిన పడింది. అమ్మ చెన్నై వచ్చి, నా మంచం పక్కనే నిలబడి, "మొగుడు ఎప్పుడొచ్చాడో, ఎలా ఉన్నాడో తెలియని ఇల్లాలివా నువ్వు?" అని కోడల్ని అడిగింది. మా ఆవిడ నా మూతి తుడుస్తున్న గుడ్డ మడత పెట్టుకొని వంటింట్లోకి వెళ్ళింది. నేను "అది... అది..." అన్నాను. దాహమనుకొని అమ్మ నాకు నీళ్ళు పట్టింది.

కాలు నెలరోజుల్లో తేరుకుంది, చెయ్యి మూడు నెలల్లో. మాట విషయమే వేరు. మెదడుకు ఎడమవైపున, మాటలు కూర్చే చోట దెబ్బ తగిలిందనీ, అర్థం చేసుకునే భాగం మిగిలిందనీ న్యూరాలజిస్టు వివరించారు. స్పీచ్ థెరపిస్టు బొమ్మలు చూపించి పేర్లు అడిగేవారు. తాళంచెవి బొమ్మను చూసి, అదేమిటో తెలిసి, పేరు చెప్పలేక ఏడ్చిన రోజులున్నాయి. ఒకరోజు ఆ థెరపిస్టు, చిన్నప్పుడు కంఠతా పట్టినవి ఏమైనా ఉంటే రాగం తీస్తూ మొదలుపెట్టి చూడమన్నారు. అలాంటివి ఒక్కోసారి మామూలు మాటకంటే ముందు వస్తాయట. ఆ సాయంత్రం మా ఆవిడ నా ముందు కూర్చొని, తొడమీద తాళం వేస్తూ, "రెండు ఒకట్ల..." అని ఆపింది. "రెండు" అన్నాను. "రెండు రెళ్ళు..." "నాలుగు." ఆ తరువాత ఆమె ఆగినా నేను ఆగలేదు. రెండు మూళ్ళు ఆరు, రెండు నాలుగులు ఎనిమిది, రెండు పదులు ఇరవై దాకా ఒక్క తప్పు లేకుండా వెళ్ళిపోయాను. ఇరవై ఆరేళ్ళుగా పగలంతా మాట్లాడిన తమిళం రాలేదు, కొనుగోలుదార్లతో మాట్లాడిన ఇంగ్లీషు రాలేదు, బడి అరుగు మీద నేర్చిన తెలుగు ఎక్కం వచ్చింది. పలు భాషలు తెలిసినవారికి అన్నీ ఒకే తీరున తిరిగి రావాలని లేదని డాక్టరు అన్నారు. నాకు తమిళం దసరా తరువాత గాని గాడిన పడలేదు.

అప్పుడే ఇంకొక సంగతి తెలిసింది. నా పదకొండేళ్ళ కొడుకుకు ఎక్కాలు తెలుగులో రావు. వాడితో తెలుగులో కూర్చొని మాట్లాడినవాళ్ళు వాళ్ళమ్మ తప్ప లేరు. వాడు నా పక్కన చేరి, నేను పలకడం నేర్చుకుంటుంటే తానూ నేర్చుకున్నాడు. ఏడో ఎక్కం దగ్గర ఇద్దరం తడబడేవాళ్ళం.

డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. అంబత్తూరు పారిశ్రామికవాడ నీట మునిగింది, మా షెడ్డులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది. మా ఆవిడ, సూపర్‌వైజరు కలిసి మోటార్లను వైండింగుకు పంపించి, ప్యానెళ్ళు ఆరబెట్టించి, కంపెనీవాళ్ళతో గడువు అడిగి, మూడు వారాల్లో మిషన్లు మళ్ళీ తిప్పారు. నేను లేనిదే ఒక్క బుష్ బయటికి పోదని ఎన్నేళ్ళు నమ్మానో! సంతోషించాను, కడుపులో ఎక్కడో చురుక్కుమంది కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనాన్ని మా అమ్మాయి చదివి వినిపించింది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట. నాది వారానికి తొంభై గంటలని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. 2023 చివర్లో ఒక పెద్ద పారిశ్రామికవేత్త యువతను వారానికి డెబ్బై గంటలు పనిచేయమన్నప్పుడు, నాకు అప్పుడప్పుడే కూడుతున్న మాటల్లో మొదట వచ్చిన కోపపు మాట "వద్దు".

కనుక చదివేవారికి చేతులు జోడించి చెబుతున్నాను. ముఖం ఒక పక్కకు జారినా, ఎత్తిన చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ముందు గడియారం చూడండి, వెంటనే 108కి ఫోను చేయండి. తెల్లారేదాకా చూద్దామనుకోకండి. రక్తపోటు మాత్ర ఒక్క పూట కూడా మానకండి. ఇంటికి ఎంత రాత్రయి వచ్చినా, లేపి అయినా సరే, ఒక్క మాట మాట్లాడి పడుకోండి.

మా ఆవిడ నాకు మాట వస్తే మా జిల్లాలోని గొలగమూడి వెంకయ్యస్వామి సన్నిధిలో ఒక రాత్రి నిద్ర చేస్తామని మొక్కుకుంది. 2024 సంక్రాంతికి ఊరికి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. మందు పనిచేసిందని నాకు తెలుసు. గడువులో ఇంకా ముప్పై ఐదు నిమిషాలు మిగిలి ఉండగా ఆ మందు నాకు అందిందంటే ఆ స్వామి దయేనని కూడా నమ్ముతున్నాను. అక్కడే, అమ్మ ముందు, ఎన్నాళ్ళుగానో సాధన చేసిన వాక్యం చెప్పాను. "అమ్మా, తను చూడలేదని కాదు. నన్ను చూడొద్దని నేనే అన్నాను." "చూడొద్దని" అన్నచోట నాలుక రెండుసార్లు తడబడింది. అమ్మ కోడలి వైపు చూడలేక, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రాత్రి మండపంలో చాపల మీద పడుకున్నాక, మా ఆవిడ ఏమైనా అంటుందేమోనని చాలాసేపు ఎదురుచూశాను. పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఆమె సంచిలో వెతికి మాత్ర, నీళ్ళ సీసా నా చేతికిచ్చి, వేసుకునేదాకా చూసి, అటు తిరిగి పడుకుంది.