ఉమ్మడి మంగా పట్టిక కట్టిన నా అనుభవం

మా నలుగురు మిత్రులలో ముగ్గురి దగ్గర డ్రాగన్ బాల్ అనే మంగా (జపనీస్ బొమ్మల కథ) మొదటినుంచి చివరిదాకా ఉంది. అందరం కలిసి నింపుతున్న స్ప్రెడ్‌షీట్‌లో సంపుటాల సంఖ్య అన్న గడిలో ఒకరు 42 అని, ఇంకొకరు 34 అని రాయగా, నేను 16, 26 అని రెండు వరుసలు రాశాను. ముగ్గురమూ సరిగానే రాశాము. 42 అన్నవారిది జపనీస్ తంకోబోన్, అంటే పత్రికలో ధారావాహికగా వచ్చిన అధ్యాయాలను తొలిసారి చిన్న సైజు పుస్తకాలుగా తెచ్చిన వరుస. 34 అన్నవారిది కాన్‌జెన్‌బాన్, అంటే పత్రికలో రంగుల్లో వచ్చిన పుటలను రంగుల్లోనే ఉంచి తరువాతి కాలంలో పెద్ద సైజులో వేసిన కూర్పు. నాది ఇంగ్లీషు అనువాదం, అందులో అదే కథను డ్రాగన్ బాల్, డ్రాగన్ బాల్ జెడ్ అని రెండు పేర్ల కింద విడదీశారు. ఎవరి దగ్గర ఏ భాగం లేదో తెలుసుకోవడానికే ఆ షీట్ పెట్టుకున్నాము కాని, ఆ ఒక్క ప్రశ్నకే అది జవాబు చెప్పలేకపోయింది. డేటాబేస్ ఒకటి కడదామని నేను అనడం, మిగిలినవారు ఆ పని నాకే అప్పగించడం అలా జరిగాయి.

షీట్‌లో ఉన్నదాన్ని కొత్త చోటికి తరలించబోతే ముందుగా ఐఎస్‌బీఎన్‌లు, అంటే పుస్తకాలను గుర్తించడానికి వాటి మీద వేసే అంతర్జాతీయ గుర్తింపు అంకెలు, అడ్డం తిరిగాయి. 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను స్ప్రెడ్‌షీట్ ఒక పెద్ద సంఖ్య అనుకొని 9.78E+12 వంటి ఘాతాంక రూపానికి కుదించింది. మాలో ఒకరు దాన్ని సీఎస్‌వీ ఫైలుగా, అంటే గడుల్లో కనిపించేవాటిని కామాలతో విడదీసి రాసే సాదా ఫైలుగా, భద్రపరచినప్పుడు ఆ కుదించిన రూపమే మిగిలి, చివరి అంకెలన్నీ పోయాయి. పాత ఇంగ్లీషు పుస్తకాల 10 అంకెల ఐఎస్‌బీఎన్‌లు చాలావరకు సున్నాతో మొదలవుతాయి కనుక వాటి మొదటి అంకె రాలిపోయింది. రాలిన సున్నాను తిరిగి పెట్టడం తేలికే. అంకెలను వరుసగా 10, 9, 8 అంటూ 1 వరకు గుణించి కూడితే మొత్తం 11తో నిశ్శేషంగా భాగింపబడాలి గనుక, చేర్చిన తరువాత సరిచూసుకోవచ్చు. కుదించుకుపోయిన 13 అంకెలవాటికి మాత్రం మందు లేదు; అరలో నుంచి పుస్తకాలను ఒక్కొక్కటిగా దించి మళ్ళీ చదవవలసి వచ్చింది. ఐఎస్‌బీఎన్ అంకెలతో రాసినదే అయినా సంఖ్య కాదు, దాన్ని లెక్కకు పనికిరాని అక్షరాల వరుసగానే దాచాలి అన్న సంగతి నాకు తెలియనిది కాదు. షీట్ మొదలుపెట్టిన రోజున అది గుర్తుకు రాలేదు, అంతే.

డేటాబేస్ తొలి రూపంలో నేను చేసిన అసలు తప్పు, ఒక పుస్తకానికి ఒక వరుస చాలునని అనుకోవడం. పుస్తకం అన్న మాటను మేము నాలుగు అర్థాలలో వాడుతున్నామని గ్రహించడానికి కొన్ని వారాలు పట్టింది. గ్రంథాలయ శాస్త్రంలో ఈ చిక్కుకు ఎప్పుడో పరిష్కారం ఉంది. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 1998లో ప్రచురించిన నమూనా కృతి, దాని వ్యక్తరూపం, దాని ముద్రితరూపం, చేతిలోని ప్రతి అని నాలుగు అంతస్తులను వేరు చేస్తుంది. మేము దాన్ని యథాతథంగా తీసుకోలేదు. కృతి, కూర్పు, సంపుటం, ప్రతి అని నాలుగు పట్టికలు పెట్టుకున్నాము. కథ, రచయిత కృతికి చెందుతాయి, భాష, ప్రచురణకర్త, పుస్తకం సైజు కూర్పుకు చెందుతాయి, ఐఎస్‌బీఎన్ సంపుటానికి, ఎవరి దగ్గర ఉంది, ఏ స్థితిలో ఉంది అన్నవి ప్రతికి. ఎన్నో ముద్రణ అన్నది ఎక్కడ ఉండాలన్న విషయం మీద మాత్రం పెద్ద వాదన నడిచింది. జపనీస్ పుస్తకం చివర ఒకుజుకె అనే పుటలో తొలి ముద్రణ తేదీ, చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణ అన్న వివరం ఉంటాయి. పునర్ముద్రణ అయినా ఐఎస్‌బీఎన్ మారదు. తొలి ముద్రణల కోసం వెతికే మిత్రుడికి అది ప్రాణప్రదమైన వివరం, నాకు ఎంతమాత్రం పట్టనిది. చివరికి దాన్ని, పుస్తకానికి చుట్టే ఓబి అనే కాగితపు పట్టీ ఉందా లేదా అన్నదాన్ని కూడా ప్రతి పట్టికలో పెట్టి, ఖాళీగా వదిలినా ఫరవాలేదన్నాము.

ఇంత చేసినా 42కూ 34కూ మధ్య వంతెన పడలేదు. కాన్‌జెన్‌బాన్ సంపుటం తంకోబోన్ సంపుటం ఆగిన చోట ఆగదు. కాబట్టి ఫలానా సంపుటానికి ఫలానా సంపుటం సమానమని రాయడం కుదరదు. రెండింటికీ ఉమ్మడి కొలత అధ్యాయమే. డ్రాగన్ బాల్‌లో 519 అధ్యాయాలున్నాయి. ప్రతి సంపుటం ఏ అధ్యాయం నుంచి ఏ అధ్యాయం వరకు నడుస్తుందో నమోదు చేస్తే, నీ దగ్గర ఏవి లేవు అన్న ప్రశ్నను ఏ కూర్పు ఉన్నవారైనా అడగవచ్చు. మూడు సంపుటాలను ఒకే పుస్తకంగా కుట్టిన ఇంగ్లీషు కూర్పులు కూడా దీనితో దారికి వచ్చాయి. నమోదు చేసే పని విసుగు పుట్టించేదే అయినా, మొత్తం ప్రయత్నంలో నాకు తృప్తినిచ్చినది ఇదే.

సంపుటం సంఖ్యను అంకెగా దాచడం కూడా నిలబడలేదు. జపాన్‌లో రెండు మూడు పుస్తకాలలో ముగిసే కథలకు 1, 2, 3 అని కాక పై, నడిమి, కింది అన్న అర్థం వచ్చే అక్షరాలు వేయడం మామూలు. దాన్ని అక్షరాల వరుసగా మారిస్తే పదో సంపుటం వెళ్ళి రెండోదానికి ముందు కూర్చుంది. చివరికి అట్ట మీద ఉన్నది ఉన్నట్టు చూపడానికి ఒక కాలమ్, వరుస పెట్టడానికి మరొకటి పెట్టాను.

బార్‌కోడ్ కథ చెప్పుకోవలసినది. ఫోను కెమెరాతో చదివించే సదుపాయం పెట్టిన రోజు, ఒక మిత్రుడు వేర్వేరు పుస్తకాలను చూపుతూ ఉంటే, మొదటిది తప్ప మిగిలినవన్నీ ఇప్పటికే ఉన్నాయని మా డేటాబేస్ తిరస్కరిస్తూ పోయింది. జపనీస్ పుస్తకాల వెనుక అట్ట మీద రెండు బార్‌కోడ్‌లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్. 192తో మొదలయ్యే కిందిదానిలో ఉండేవి పుస్తకం ఏ వర్గానిదో చెప్పే సీ కోడ్, ధర మాత్రమే. కనుక ఒకే వర్గంలో ఒకే ధర ఉన్న పుస్తకాలన్నిటికీ అది ఒకటే. పైగా అది కూడా 13 అంకెలదే, మిగిలిన అంకెల నుంచి లెక్కకట్టి చివర పెట్టే తనిఖీ అంకె కూడా దానిలో సరిగానే ఉంటుంది, అందువల్ల నేను రాసిన పరీక్ష దాన్ని మారుమాట లేకుండా అనుమతించింది. 978, 979లతో మొదలుకాని దేనినీ తీసుకోవద్దని ఒక్క షరతు చేర్చడంతో సమస్య తీరింది. అదే ఊపులో, ఐఎస్‌బీఎన్‌నే సంపుటానికి గుర్తింపుగా వాడడం మానేసి మా సొంత సంఖ్యను ఇచ్చాము. ఐఎస్‌బీఎన్ అసలే లేని పాత పుస్తకాలున్నాయి. 2007 జనవరి 1న 13 అంకెల పద్ధతి వచ్చినందువల్ల ఒకే పుస్తకానికి పాతదీ కొత్తదీ రెండు రూపాలున్నాయి. 978 ముందు చేర్చితే చాలదు, చివరి తనిఖీ అంకెను కూడా మళ్ళీ లెక్కకట్టాలి.

పేర్ల దగ్గర మేము పడిన అవస్థ ఇంకా తీరలేదు. జపనీస్‌లోని దీర్ఘ ఓకారాన్ని రోమన్ లిపిలో ఒకరు అక్షరం మీద గీతతో, ఒకరు పక్కన యు చేర్చి, ఒకరు ఏ గుర్తూ లేకుండా రాస్తారు. ఒకే రచయిత మూడు వేర్వేరు మనుషులై మా పట్టికలో కూర్చున్నాడు. (ఒ, ఓ రెండూ ఉన్న మన లిపిలో రాసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదని నేనంటే ఎవరూ వినలేదు.) ఇంటిపేరు ముందా వెనుకా అన్నది మరో తగవు. అందుకే జపనీస్ లిపిలోని పేరును మూలంగా ఉంచి, మిగిలిన రూపాలన్నిటినీ మారుపేర్లుగా ఒక విడి పట్టికలో వేశాము. వెతికినప్పుడు అన్నీ ఒకే మనిషి దగ్గరకు చేరుస్తాయి. పూర్తి వెడల్పు అంకెలు, సగం వెడల్పు కతకానా (జపనీస్ లిపులలో ఒకటి) వంటివాటిని, ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు రూపాలను ఒకటి చేసే యూనికోడ్ సాధారణీకరణ ఒక తాటి మీదికి తెచ్చింది. అయినా ఒక పేరు మాత్రం ప్రతిసారీ మధ్యలో తెగిపోయేది. ఆ పేరులోని కంజీ (చైనా నుంచి వచ్చిన జపనీస్ లిపి) అక్షరానికి, అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో నాలుగు బైట్లు కావాలి. డేటాబేస్‌లో నేను ఎంచుకున్న అమరిక అక్షరానికి మూడు బైట్లకు మించి ఇవ్వదు. అమరిక మార్చి, తెగిన పేర్లను చేత్తో సరిదిద్దాను.

నలుగురం ఒకేసారి దిద్దడం మొదలుపెట్టాక, ఒకరు చేర్చిన అధ్యాయాల వివరాన్ని మరొకరు తెలియకుండానే చెరిపేశారు. ఇద్దరూ ఒకే పాత పుటను తెరిచి ఉంచుకొని ఒకరి తరువాత ఒకరు భద్రపరచడమే కారణం. ప్రతి వరుసకు, దిద్దినప్పుడల్లా పెరిగే ఒక సవరణ సంఖ్య పెట్టి, తెరిచినప్పటి సంఖ్య భద్రపరిచేటప్పుడు మారి ఉంటే ఆపి చూపేటట్లు చేశాను. పాత రూపాలను చెరపకుండా దాచే చరిత్ర పట్టిక కూడా అప్పుడే వచ్చింది. రెండుసార్లు నమోదైన కృతులను కలిపేటప్పుడు ఒకదాన్ని తీసేయక, దాని సంఖ్య మరొకదానికి దారి చూపేటట్లు ఉంచాలని కూడా తీర్మానించుకున్నాము. లేకపోతే దాన్ని పట్టుకుని ఉన్న ప్రతులన్నీ దిక్కులేనివవుతాయి.

కృతి, కూర్పు, సంపుటం అందరివీ. ప్రతి మాత్రం ఎవరిది వారిది. ఎంతకు కొన్నారు, ఎక్కడ దాచారు అన్నవి యజమానికి తప్ప ఎవరికీ కనిపించవు. అట్టల బొమ్మలను మా సర్వర్‌లో పెట్టలేదు; వాటి హక్కులు మావి కావు, అవి లేకపోయినా పట్టిక పనిచేస్తుంది. ప్రతివారూ తమ ప్రతుల జాబితాను ఎప్పుడైనా సీఎస్‌వీగా దించుకోవచ్చు. ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచేవారు ఐఎస్‌బీఎన్ కాలమ్‌ను అక్షరాలుగా ఎంచుకోవాలని పక్కనే ఒక హెచ్చరిక రాశాను. మొన్న ఒకరు దాన్ని చదవకుండానే తెరిచి, భద్రపరచి, ఆ ఫైలునే తిరిగి ఎక్కించబోయారు. చివరి అంకెలన్నీ సున్నాలైన ఐఎస్‌బీఎన్‌లు తనిఖీ అంకె దగ్గరే ఆగిపోయాయి.