నాలుక కుట్టించుకున్నాక పళ్లకు ఏమవుతుంది

చెవులు, ముక్కు కుట్టించడం మనకు తరతరాలుగా ఉన్నదే కాబట్టి, నాలుకో పెదవో కుట్టించుకోవడం కూడా అలాంటిదేనని, పుండు మానేదాకా జాగ్రత్తపడితే చాలని నా దగ్గరకు వచ్చే యువతీయువకులు కొందరు నమ్ముతారు. దంతవైద్యురాలిగా నేను చూసినంతలో, మానిపోయే ఆ గాయం కంటే, ఆ తర్వాత ఏళ్ల తరబడి నోట్లో ఉండిపోయే లోహమే పళ్లకు ఎక్కువ చేటు చేస్తుంది.

కుట్టిన కొత్తలో నాలుక బాగా వాస్తుంది కనుక ముందు రెండు కొసలా గుండ్లున్న పొడవైన కడ్డీ వేస్తారు. వాపు తగ్గాక దాన్ని తీయించి పొట్టిది పెట్టించుకోవాలి. ఆ రెండో పని చాలామంది వాయిదా వేస్తూ పోతారు. అప్పుడు కడ్డీ కింది గుండు, మాట్లాడినప్పుడల్లా, గుటక వేసినప్పుడల్లా, కింది ముందు పళ్ల వెనుక ఉన్న చిగురుకు రాసుకుంటూనే ఉంటుంది.

ఆ మధ్య ఒక అమ్మాయి పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వచ్చింది. చిన్న అద్దం కింది పళ్ల వెనక్కి పెట్టి చూస్తే, నడిమి రెండు పళ్ల దగ్గర చిగురు కోసుగా కిందికి దిగిపోయి, పంటి వేరు పసుపుపచ్చగా బయటపడి ఉంది. పళ్లకు పట్టే గారే కడ్డీకి కూడా గరుకుగా పట్టి ఉంది. “నాకు నొప్పేమీ లేదండీ డాక్టర్ గారూ” అంది. చిక్కంతా అక్కడే. చల్లని నీళ్లు తాగితే జివ్వుమనే దాకా ఈ నష్టం తెలియదు, పైగా ఇంట్లో అద్దం ముందు నిలబడితే కనిపించే చోటు కాదది. పెదవి కుట్టించుకున్నవారికి లోపలి వైపు ఉండే బిళ్ల పళ్ల ముందు వైపు చిగురును ఇదే తీరున అరగదీస్తుంది.

అంతకు ముందు జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2016 నాటి ఒక సమీక్షలో, పెదవి కుట్టించుకున్నవారిలో 50 శాతం మందికి, నాలుక కుట్టించుకున్నవారిలో 44 శాతం మందికి చిగుళ్లు దిగినట్టు తేలింది. పళ్లు దెబ్బతిన్నవారు మాత్రం నాలుక వైపే ఎక్కువ: 37 శాతం. గుండును పళ్ల మధ్య పెట్టుకుని కొరకడం, పళ్లకేసి కొట్టి టకటకలాడించడం ఊరికే అలవాటవుతుంది. దానితో దవడ పళ్ల అంచులు పెచ్చులూడతాయి, ఒక్కోసారి పన్ను నిలువునా చీలుతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నోట్లో ఇలాంటివి అసలు వద్దనే చెబుతోంది. నేనూ అదే చెబుతాను, వినేవారు తక్కువైనా.

వీరభద్రుడి సంబరాల్లో నాలుకకు నారసం గుచ్చుకునేవారి మాటేమిటని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. గుచ్చిన చోట చీము పట్టే ప్రమాదం వారికీ ఉంటుంది, కానీ మొక్కు తీరగానే నారసం బయటికి వచ్చేస్తుంది కాబట్టి పళ్లను, చిగుళ్లను అరగదీసే వ్యవధి దానికి ఉండదు.

ఇప్పటికే కుట్టించుకుని, తీయడం ఇష్టం లేనివారు కనీసం పొట్టి కడ్డీకి మారాలి, లోహపు గుండ్లకు బదులు ప్లాస్టిక్‌వి వాడాలి, రోజూ తీసి కడగాలి, ఆటలాడేటప్పుడు పెట్టుకోకూడదు. పొట్టి కడ్డీతో చిగురుకు రాపిడి తగ్గినా కొరికే అలవాటు మానకపోతే పళ్లు విరిగే భయం అలాగే ఉంటుంది. గుండె కవాటాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ జోలికే పోకూడదు. నోటిలోని క్రిములు రక్తంలో చేరి అక్కడ తిష్ఠ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నాలుక కింద, దవడ కింద వాపు పెరిగి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ అమ్మాయి కడ్డీ తీయించేసింది. రాపిడి ఆగింది గానీ, దిగిన చిగురు దానంతట అదే పైకి రాదు. అంగిలి నుంచి కొంత కణజాలం తీసి అక్కడ అతికించాలి, అది కూడా పళ్ల వెనుక ఇరుకులో, నాలుక కదలికల మధ్య అంత తేలికగా కుదిరే పని కాదు. ప్రస్తుతానికి గార తీసి, ఆర్నెల్లకోసారి చిగురు ఎంత దిగిందో కొలిచి చూస్తున్నాను.