పై అర, కింది అర

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకేమో కళ్ళు మూస్తే చాలు ల్యాబులో పురుగుల్ని ఒకే వేడిలో పెంచే పెట్టె, ఆ ఇంక్యుబేటర్ తలుపే కనబడుతోంది, ఎంత దొర్లినా లాభం లేదని లేచి కూర్చున్నా. జరిగింది చాలా చిన్న విషయం, ఎవరికైనా చెప్తే ఇందులో ఏముంది అంటారు, కానీ పొద్దుటినుంచి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ట్రమడాల్ ట్రేల సంగతి మీకు తెలుసు కదా, రెండు నెలలుగా దాని గోలే రాస్తున్నా, చనిపోయిన మనిషి ఒంట్లో ట్రమడాల్ అనే నొప్పి మందు ఉంటే ఆ శవాన్ని తినే ఈగ పురుగులు తొందరగా పెరుగుతాయా అని. మూడో బ్యాచ్ కూడా నిన్న రాత్రితో అయిపోయింది. మందు కలిపిన లివర్ ముద్ద తిన్న పురుగులు గుడ్డు పెట్టిన 86 గంటలకల్లా మేత వదిలేసి ట్రే అంచులకి పాకడం మొదలుపెట్టాయి. మందు కలపని ట్రేలో అదే పనికి 96 గంటలు పట్టింది. మూడు బ్యాచుల్లోనూ కాస్త అటూ ఇటూగా ఇదే తేడా. పది గంటలంటే ఈ పనిలో చిన్న విషయం కాదు, పురుగు వయసుని బట్టి మనిషి ఎప్పుడు పోయాడో లెక్కేసేటప్పుడు పది గంటలు ముందుకో వెనక్కో జరిగితే ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారని అడగాలో అదే మారిపోతుంది. అందుకే గ్రాఫు గీసుకుని, ప్రింటు తీసుకుని, పొద్దున్నే మీటింగులో గోడకి అంటించా. సంతోషంగానే ఉన్నా. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషంగా ఉన్నా.

అప్పుడు ఆ కొత్త కుర్రాడు, అదే మొన్న రాసానే, ఎప్పుడూ తలొంచుకుని ఉంటాడని, లేచి నిలబడి "మేడమ్, మందు ట్రేలన్నీ పై అరలోనే ఉన్నాయి కదా, మూడు సార్లూ?" అన్నాడు.

అంతే. ఇంకేం అనలేదు. గదంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. నేను "ఇంక్యుబేటర్ అండీ అది, 27 దగ్గర పెట్టాం, ఏ అరలో ఉంటే ఏంటి" అన్నా. వాడు "అవును మేడమ్" అని కూర్చున్నాడు. కానీ ఆ అవునులో కాదు ఉంది. మిగతావాళ్ళు గ్రాఫు చూడటం మానేసి నా మొహం చూడటం మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అడగకూడదని కాదు, అడగాల్సిందే, కానీ మూడు బ్యాచులు అయ్యేదాకా ఏం చేస్తున్నట్టు? ట్రేలు కడిగింది వాడే, తెల్లవారుజామున నాలుగింటికి పురుగులు లెక్కపెట్టే డ్యూటీ నాతో పంచుకుంది వాడే, రెండు నెలలు రోజుకి పదిసార్లు ఆ తలుపు తీసినవాడు ఒక్కసారి నా పక్కకొచ్చి మెల్లిగా చెప్పొచ్చుగా. పదిమందిలో లేచి అడగడం ఏంటి? మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా అదే, సాయంత్రం ఇంటికొస్తూ కూడా అదే, ఈయన ఏమైందంటే ఏం లేదన్నా, అత్తయ్య మొహం చూసి ఏమీ అడగకుండా గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. పెద్దది హోంవర్క్ తెస్తే కసురుకున్నా, అది తలుచుకుంటే ఇంకా బాధగా ఉంది.

ఇంత కోపం ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే మా సార్ గుర్తొచ్చారు. నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి మార్చురీకి తీసుకెళ్ళిన రోజు. మూసి ఉన్న గదిలో దొరికిన మనిషి, ఒంటరిగా ఉండేవాడట. అప్పటికి నాకు వాసన గురించే భయం, ముక్కుకి రెండు మాస్కులు కట్టుకుని వెళ్ళా, తీరా చూస్తే వాసన కంటే ముందు చప్పుడు వినబడింది. వేల పురుగులు ఒకే ముద్దగా కదులుతుంటే తడిసిన కాగితం నలుపుతున్నట్టు ఒక సన్న చప్పుడు. సార్ సన్నటి పుల్లలాంటి థర్మామీటర్ తీసి ముందు గాలిలో పట్టుకున్నారు, 26. తర్వాత ఆ ముద్ద మధ్యలోకి దింపారు, అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ 39 దగ్గర ఆగాయి. "చెయ్యి పెట్టి చూడు" అన్నారు. గ్లవుజు మీదనుంచే తెలిసింది, జ్వరం వచ్చిన పసిపిల్ల నుదురు ముట్టుకున్నట్టు ఉంది. చచ్చిపోయిన మనిషి మీద అంత వేడి ఉంటుందని నేను ఊహించలేదు. "ఇప్పుడు చెప్పు, ఈ పురుగులు ఎంత వేడిలో పెరిగాయి, 26లోనా 39లోనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "చిన్నప్పుడు విడివిడిగా ఉన్నంతసేపూ గది వేడే. ముద్దకట్టాక వాటి వేడి వాటిదే. రెండూ కలిపి లెక్కెయ్యాలి" అన్నారు.

ఈలోగా అక్కడ సాయం చేస్తున్నతను మంచి ఉద్దేశంతోనే నాలుగు బతికున్న పురుగుల్ని తీసి నేరుగా స్పిరిట్ సీసాలో పడేసాడు. చూస్తుండగానే అవి ముడుచుకుపోయి నల్లబడ్డాయి. పొడుగు కొలిచి వయసు చెప్పాల్సిన పురుగు ముడుచుకుపోతే వయసు తక్కువగా వస్తుంది. సార్ కేకలేస్తారనుకున్నా, లేదు, ఫ్లాస్కు మూత తీసి పొగలు కక్కే నీళ్ళు గిన్నెలో పోసి, ఇంకో నాలుగింటిని అందులో వేసి చూపించారు, అవి తీగల్లా చక్కగా సాగి తెల్లగా నిలబడ్డాయి, అప్పుడు 80 శాతం ఆల్కహాల్‌లోకి మార్చారు. కొన్నింటిని బతికుండగానే లివర్ ముక్కతో డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు, ఈగలయ్యేదాకా పెంచితే గానీ ఏ జాతో గట్టిగా చెప్పలేం అని.

తర్వాత ఆ గదికి వెళ్ళాం. అందరూ మంచం చుట్టూ చూస్తుంటే సార్ అడిగిన మొదటి మాట "ఏసీ ఎవరు ఆపారు?" ఎవరూ మాట్లాడలేదు. వాసన భరించలేక ఎవరో కిటికీలు తెరిచారు, స్విచ్ ఎవరు కట్టారో, అసలు అప్పటికి ఏసీ నడుస్తోందో లేదో ఎవరూ రాసి పెట్టలేదు. 20 డిగ్రీల్లో ఉన్న గదిలో పెరిగిన పురుగుకీ 32లో పెరిగిన పురుగుకీ వయసు లెక్క ఎక్కడా కలవదు. సార్ ఆ గదిలో వేడిని తనంతట తానే రాసుకునే లాగర్ పెట్టి ఐదు రోజులు ఉంచి, ఆ అంకెల్ని వాతావరణ కేంద్రం అంకెలతో పోల్చి వెనక్కి లెక్కేసారు, ఏసీ ఉంటే ఇంత, లేకపోతే ఇంత అని రెండూ విడివిడిగా రిపోర్టులో రాసారు. ఒక్క తేదీ చెప్పండి అని అవతల ఎంత ఒత్తిడి చేసినా చెప్పలేదు. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ రోజు వల్లే.

ఇది రాస్తూ రాస్తూ ఒక్కసారిగా ఆగిపోయా. లేచి నోట్‌బుక్ తెచ్చుకున్నా.

మా లెక్కలో మేం పెంచే ఈ ఈగ జాతికి 10 డిగ్రీల కింద ఎదుగుదల లేదనుకుంటాం. 27లో ఉంటే ఆ పదీ తీసేసి గంటకి 17 డిగ్రీల పని జరిగినట్టు. 96 గంటలకి 1632. అదే పై అరలో 29 ఉంటే గంటకి 19. 1632ని 19తో భాగిస్తే 85.9.

86 గంటలు.

రెండు డిగ్రీలు చాలు. నా ట్రమడాల్ మొత్తం ఆ రెండు డిగ్రీల్లో ఇమిడిపోయింది. లోపలి ఫ్యాన్ ఈమధ్య సరిగ్గా తిరగట్లేదని నాకు తెలుసు, తలుపు మీద చూపించే 27 అనేది కింద మూల ఉన్న సెన్సర్ చెప్పే మాట అని కూడా తెలుసు, మందు ట్రేలు పైన ఎందుకు పెట్టానంటే కళ్ళకి ఎదురుగా ఉంటే లెక్కపెట్టడం తేలికని. మూడు సార్లూ. అరలు మార్చాలని ఎవరైనా చెప్పే మొదటి పాఠం, మా స్టూడెంట్లకి నేనే చెప్తా. ఏసీ ఎవరు ఆపారని అడిగిన మనిషి దగ్గర పని నేర్చుకుని నా సొంత డబ్బాలో ఏ అర ఎంత వేడిగా ఉందో నేను అడగలేదు. వాడు అడిగాడు.

కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అయితే మందు ఏం చెయ్యదా అంటే అదీ ఒప్పుకోలేను. హవాయిలో శవాల మీది పురుగుల మీద పనిచేసిన లీ గాఫ్ వాళ్ళు 1989లో కుందేళ్ళకి కొకైన్ ఎక్కించి వాటి లివర్ మీద పురుగుల్ని పెంచితే ఎక్కువ డోసువి మధ్యలో వేగంగా పెరిగాయి, 1991లో హెరాయిన్‌తో చేస్తే పురుగు దశ తొందరపడి, గట్టి గూడులో పురుగు ఈగగా మారే ప్యూపా దశ సాగింది, అంటే ఒకే మందు ఒక దశలో తోసి ఇంకో దశలో లాగుతుంది. మలాథియాన్ తాగి పోయిన ఒకతని కేసులో ఈగలు వాలి గుడ్లు పెట్టడమే ఆలస్యమైంది, విషం పురుగుల్లోనూ దొరికింది. 1980లోనే ఎముకలు మిగిలిన ఒకామె దగ్గర పరీక్షకి రక్తం లేకపోతే పురుగుల్లోంచి ఫినోబార్బిటాల్ బయటపెట్టారు. పోనీ మందుని పక్కనపెట్టినా, మెదడు తిన్న పురుగు ఒకలా లివర్ తిన్న పురుగు ఒకలా పెరుగుతుంది.

అన్నిటికంటే అమెరికాలోని స్పోకేన్ కేసు. పైన్ చెట్ల మధ్య దొరికిన ఇరవై ఏళ్ళ అమ్మాయి, కత్తిపోట్లు. పురుగులు చాలావరకు 6 నుంచి 9 మిల్లీమీటర్లు, సుమారు వారం లెక్క. ముక్కు దగ్గర దొరికింది మాత్రం 17.7, దాన్ని నమ్మితే మూడు వారాలు. తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి చనిపోవడానికి కొంచెం ముందే కొకైన్ పీల్చిందని. ఈ కేసు ఎన్నిసార్లు క్లాసులో చెప్పానో, కానీ ఇప్పుడు కొత్తగా తట్టింది, అక్కడ పై అర కింది అర గొడవ దాదాపు లేదు. ఒకే మనిషి, ఒకే అడవి, ఒకే చలి. తేడా ముక్కులో ఉంది. నా డబ్బాలో దొరకని పోలిక అక్కడ దానంతటదే కుదిరింది. అందుకని ట్రమడాల్ ఏం చెయ్యలేదని కూడా ఇవాళ నేను రాయలేను, ఆ గ్రాఫు మాత్రం గోడ మీదనుంచి తీసేయాలి.

మర్చిపోయా, ఇవాళ ఒక మంచి విషయం కూడా జరిగింది. రెండో బ్యాచ్ ప్యూపాలు పగిలాయి. ఒకటి నా కళ్ళముందే, నుదుటి దగ్గర బుడగలాంటిది ఉబ్బించి మూత తోసుకుని బయటికొచ్చి, నలిగిన రెక్కలతో కాసేపు అటూ ఇటూ నడిచి, ఆగి రెక్కలు సాగదీసుకుంది. ముందు బూడిదరంగు, తర్వాత మెల్లగా నీలం పచ్చ మెరుపు ఎక్కింది.

వాడికి మెసేజ్ పెట్టా. "నువ్వు అడిగింది కరెక్టు. రేపు నాలుగో బ్యాచ్‌కి ట్రేలు పై అరలో సగం కింది అరలో సగం, రోజూ తిప్పుదాం, ఒక్కో అరకి ఒక లాగర్." రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, వాడూ పడుకోలేదు. "లాగర్లు మూడున్నాయి మేడమ్, ఒకదానికి సెల్లులు అయిపోయాయి."

హాల్లో రిమోట్‌లోంచి రెండు పెన్సిల్ సెల్లులు తీసి బ్యాగులో వేసుకున్నా. పెద్దదాని హోంవర్క్ టేబుల్ మీదే ఉంది, అది చూసి పడుకుంటా. నాలుగింటికి అలారం.