పంజా ఉన్నదాని మాంసం

ఎలుగుబంటి నాలుక మా ల్యాబ్‌కి మామూలు జిప్ కవర్లో వస్తుంది. కవర్ మీద మార్కర్‌తో వేటగాడి లైసెన్సు నంబరు, కొట్టిన తేదీ, అడవి పేరు. కొందరు నాలుకకి బదులు దవడ కండ పంపుతారు, కొందరు డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండ) ముక్క. ట్రైకినెల్లా అనే పురుగు పిల్లలు అస్తమానం కదిలే కండల్లో, రక్తం బాగా పారే చోట ఎక్కువగా కాపురం పెడతాయి. అందుకే ఈ మూడు చోట్లు. నేను పశువుల డాక్టర్ని. వైద్యం వదిలేసి మాంసం పరీక్షల వైపు వచ్చి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు నా దగ్గరికొచ్చే పేషెంట్లన్నీ చచ్చిపోయినవే.

పరీక్ష చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. కొవ్వూ నరాలూ తీసేసి కండని మెత్తగా చేసి, నీళ్ళలో పెప్సిన్ (కడుపులో మాంసాన్ని అరిగించే పదార్థం), కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, ఒంటి వేడి కంటే కొంచెం ఎక్కువ వేడిలో అరగంట తిప్పుతాం. అంటే గాజు బీకరులో ఒక కడుపుని తయారుచేస్తాం అన్నమాట. కండ కరిగిపోతుంది, పురుగు కరగదు. జల్లెడ పట్టి గరాటులో పోసి వదిలేస్తే అదే అడుక్కి దిగుతుంది. ఆ అడుగు నీళ్ళని మైక్రోస్కోపు కింద పెడితే, ఉన్నరోజు ఉంటాయి: ఒక్కోటి మిల్లీమీటరు పొడవు, గడియారం స్ప్రింగులా చుట్ట చుట్టుకుని. చల్లగా ఉంటే కదలవు. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే మెల్లగా విప్పుకుంటాయి, మళ్ళీ ముడుచుకుంటాయి. మొదటిసారి చూసిన ట్రైనీలు ఎవరైనా సరే ఒక నిమిషం పాటు మాట్లాడరు.

"ఇన్ని చూసినవాడివి, ఎలుగు మాంసం ఎలా తిన్నావు?" అని అడుగుతుంటారు. చూశాను కాబట్టే తిన్నాను. ఆ పురుగు దేనికి చస్తుందో, దేనికి చావదో నాకు తెలుసు. (వేట చట్టబద్ధంగా, లైసెన్సుతో సాగే చోట్ల సంగతే చెబుతున్నాను. దొంగవేట మాంసం ఎవరు పెట్టినా ముట్టను.)

నాకు పెట్టింది మా ల్యాబ్‌కి ఏటా శాంపిల్స్ తెచ్చే ఒక పెద్దాయన. "డాక్టర్, నీ దగ్గర పాసైతే మా ఇంట్లో భోజనం" అన్నాడు. పాసయింది. నల్ల ఎలుగు జబ్బ కండ, ఇనప గిన్నెలో మూత పెట్టి పొద్దున్నుంచి ఉడికింది. వండకముందు చూశాను: గొడ్డు మాంసం కంటే ముదురు రంగు, దాదాపు నల్లటి ఎరుపు. పోగులు లావు. పైనున్న కొవ్వు పొరని ఆయన కత్తితో ఒక్క చారిక కూడా మిగలకుండా చెక్కేశాడు. ఎలుగు మాంసానికి చెడ్డపేరు తెచ్చేది చాలామటుకు ఆ కొవ్వేనట. ఫ్రీజర్లో పెట్టినా మెల్లగా ముక్కిపోయిన వాసన వస్తుంది. చెక్కిన కొవ్వుని మాత్రం పారేయలేదు. సన్నసెగ మీద కరిగించి, వడకట్టి సీసాకెత్తాడు. గది వేడిలో సగం గడ్డగా, సగం నూనెగా ఉండిపోయింది. బూట్లకి పూస్తాడట, పిండివంటల్లోనూ వేస్తాడట. రెండింటికీ ఒకే సీసానా అని అడగలేదు.

రుచి? గొడ్డు మాంసానికీ పంది మాంసానికీ మధ్య ఎక్కడో ఉంది, వెనకాల చిన్న తీపి. ఆ తీపి బెర్రీలది అంటాడు ఆయన. కావచ్చు. నల్ల ఎలుగు తిండిలో ఎక్కువ భాగం గడ్డి, పళ్ళు, కాయలు, చీమలు, పురుగులే. శీతాకాలం నిద్రకి ముందు రాత్రీ పగలూ లేకుండా తింటుంది. బెర్రీల కొండ మీద కొట్టిన ఎలుగు ఒక రుచి, సాల్మన్ చేపలు తిన్న ఎలుగు ఇంకో రుచి. రెండోది వండుతుంటే కిటికీలు తెరుచుకోవాలట. అలాస్కా నిబంధనల్లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. అక్కడ చాలా ప్రాంతాల్లో జనవరి నుంచి మే ఆఖరు దాకా నల్ల ఎలుగుని కొడితే మాంసం అడవిలో వదిలేసి రాకూడదు. తోలుతో పాటు మాంసమూ మోసుకు రావాల్సిందే. చేపల కాలం మొదలయ్యే జూన్ నుంచి తోలో మాంసమో ఒకటి తెస్తే చాలు.

"మాంసం తినే జంతువు మాంసం కంపు కొడుతుంది" అనే మాట అందరి నోటా వింటాం. ఆ లెక్కన కూగర్ (అమెరికా ఖండాల్లో తిరిగే పెద్ద అడవి పిల్లి) మాంసం అసలు నోట పెట్టుకోకూడదు, ఎందుకంటే అది పచ్చి మాంసాహారి, ఎలుగులా బెర్రీలు తినేది కాదు. కానీ కూగర్ మాంసం తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. ఇది నా ఒక్కడి మాట కాదు. 1833లో దక్షిణ అమెరికాలో తిరుగుతున్న డార్విన్‌కి ఒక రాత్రి భోజనంలో తెల్లటి మాంసం పెట్టారు. అక్కడివాళ్ళకి ఇష్టమైన వంటకం ఒకటుంది, ఇంకా పుట్టని దూడ మాంసం. తను తింటున్నది అదేనేమోనని ఆయన హడలిపోయాడు. తీరా చూస్తే ప్యూమా, అంటే ఈ కూగరే. అచ్చం లేతదూడ మాంసంలా ఉందని రాసుకున్నాడు. నాకైతే లేత పంది నడుం ముక్కే గుర్తొచ్చింది.

ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పంజా ఉన్నదాన్ని తింటార్రా ఎవరన్నా?" అంది. ట్యూనా వేటాడే చేపే కదమ్మా, సొర కూడా అంతే కదా అన్నాను. "చేప వేరు." ఎలా వేరమ్మా అంటే, "దానికి పంజా ఉందా?" అంది. ఆ వాదనకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. పెట్టేసేముందు మాత్రం గొంతు తగ్గించి, "ఇంతకీ ఎలా ఉందిరా?" అని అడిగింది.

అమ్మ నియమంలో తర్కం లేదుగానీ పని ఉంది. వేటాడే జంతువు ఇంకో జంతువు కండ తింటుంది, ఆ కండలో ఉన్న పురుగు దీని కండలోకి చేరుతుంది. ట్రైకినెల్లా బతుకంతా ఇంతే: ఒక కండలోంచి ఒక కడుపులోకి, ఆ కడుపులోంచి మళ్ళీ కండలోకి. గడ్డి తినే జింకలో దానికి దారి దాదాపు లేదు. మన కడుపులోకి వస్తే ఆమ్లం దాని గూడుని కరిగిస్తుంది, పేగుల్లో పెద్దదై పిల్లలు పెడుతుంది, ఆ పిల్లలు రక్తంలో పడి కండల్లోకి వెళ్తాయి. జ్వరం, ఒళ్ళంతా కండరాల నొప్పులు, కళ్ళ చుట్టూ వాపు.

వేటగాళ్ళలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: ఫ్రీజర్లో పెడితే పురుగు చస్తుంది. పందుల్లో ఉండే జాతి విషయంలో అది నిజమే. ముక్క మరీ మందంగా లేకపోతే, −15 డిగ్రీల దగ్గర మూడు వారాలు చాలు. కానీ ఉత్తరాది ఎలుగుల్లో ఉండేది ట్రైకినెల్లా నేటివా, మంచులోనే పుట్టి పెరిగిన జాతి. మన ఫ్రీజర్ దానికో లెక్క కాదు. 2022లో అమెరికాలోని సౌత్ డకోటాలో ఒక కుటుంబం చుట్టాలందరితో కలిసి ఎలుగు కబాబులు చేసుకుంది. ఎలుగు కెనడాలోని సస్కాచ్యువాన్ ఉత్తరాన కొట్టింది, మాంసం 45 రోజులు ఫ్రీజర్లో ఉంది. రంగే నల్లటి మాంసం కావడంతో ఉడికిందో లేదో కంటికి తెలియలేదు. కొందరు తినడం మొదలుపెట్టాక పచ్చిగా ఉందని గమనించి మళ్ళీ కాల్చారు. ఆరుగురికి జబ్బు చేసింది, ముగ్గురు ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు. అదే మాంసంతో పాటు కాల్చిన కూరగాయలు మాత్రమే తిన్నారు. ఫ్రీజర్లో మిగిలిన మాంసాన్ని పరీక్షిస్తే 110 రోజుల తర్వాత కూడా లార్వాలు కదులుతున్నాయి.

వాళ్ళు నిర్లక్ష్యం మనుషులని నేననను. ఫ్రీజ్ చేయమని సలహా ఇస్తే చేశారు. వాళ్ళకి కొరవడింది ఒక్క థర్మామీటర్. ముక్క మధ్యలో 74 డిగ్రీలు దాటితే నేటివా అయినా ఇంకోటయినా చావాల్సిందే. ఉప్పు, పొగ, ఎండబెట్టడం నమ్మదగ్గవి కావు. 1995లో అమెరికాలోని ఐడహోలో ఒకాయన కూగర్ మాంసాన్ని ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, పొగబెట్టి, ఎండు ముక్కలు చేసి తెలిసినవాళ్ళకి పంచాడు. పదిమందికి ట్రైకినెల్లా వచ్చింది.

రెండు చోట్లా మాంసం ఎలా చేతులు మారిందో గమనించండి. ఎవరూ కొనలేదు. అమెరికాలో వేట మాంసం అమ్మడం దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ నిషేధం. అమ్మకం లేదు కాబట్టి ఇన్‌స్పెక్టర్ లేడు, ముద్ర లేదు. ప్రేమగా కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని పరీక్ష చేయించావా అని అడగటానికి మొహమాటం. అక్కడ ఈ జబ్బు ఇప్పుడు పంది మాంసం నుంచి కంటే ఎలుగు మాంసం నుంచే ఎక్కువగా బయటపడటానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. పందుల పెంపకం బాగుపడింది, పంపకం పద్ధతి మారలేదు. జపాన్‌లో దీనికి పూర్తి విరుద్ధం. అకితాలో తజావాకో అనే రైల్వే స్టేషన్ దగ్గర ఎలుగు మాంసం అమ్మే వెండింగ్ మెషీనే పెట్టారు. డబ్బులు వేస్తే 250 గ్రాముల ప్యాకెట్ వచ్చేది, 2023లో ధర 2,200 యెన్లు. నవ్వొచ్చినా, ఆ ప్యాకెట్‌కి జవాబు చెప్పేవాడు ఒకడున్నాడు.

కాలేయం జోలికి మాత్రం వెళ్ళను. ధ్రువపు ఎలుగుది అసలే వద్దు. 1597లో రష్యాకి ఉత్తరాన ఉన్న నోవయా జెమ్ల్యా దీవుల మంచులో చిక్కుకుపోయిన డచ్చి నావికులు దాన్ని వండుకు తిన్నారు. ముగ్గురికి ప్రాణం మీదకొచ్చింది, తల నుంచి కాలిదాకా చర్మం ఊడిపోయింది. అది విటమిన్ ఎ పని అని 1943లో గానీ తేలలేదు. సముద్రపు నాచులో మొదలై చేపకి, చేప నుంచి సీల్‌కి, సీల్ నుంచి ఎలుగుకి చేరేసరికి ఆ విటమిన్ ఎంతగా పోగుపడుతుందంటే, పెద్దమనిషి రోజుకి తట్టుకోగల పరిమితి ఒక్క గ్రాము కాలేయంతోనే దాటిపోతుంది. ఆ మంచు ప్రాంతాల ఆదివాసులైన ఇన్యూట్ జనానికి ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పక్కర్లేకపోయింది. మాంసం తింటారు, కాలేయం కుక్కలకి కూడా పెట్టరు.

ఇక, అసలు కొట్టడం సబబా అన్న ప్రశ్న. కూగర్‌ని ఆకలేసి వేటాడేవాళ్ళని నేను చూడలేదు. వేట ముందు, వంట తర్వాత. "తింటాను కాబట్టి కొట్టాను" అంటే నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఒక మగ కూగర్ తిరగడానికి వందల చదరపు కిలోమీటర్ల అడవి కావాలి, ఆడ ఎలుగు రెండేళ్ళకోసారి ఈనుతుంది. ఇలాంటివి ఎన్ని పోయినా ఫరవాలేదు అనే లెక్క జింకలకి వేసినంత తేలిగ్గా వేయలేం. అయినా తోలు గోడకి తగిలించి మాంసం గోతిలో వేసేవాడికీ, ఆ పెద్దాయనకీ నా దృష్టిలో తేడా ఉంది. మెడ ఎముకలు కూడా ఉడకబెట్టి చారు తీసే మనిషి ఆయన. విచిత్రమేమిటంటే, తోలు తగిలించుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, తిన్నవాణ్ణి చూసి ముక్కు మూసుకుంటారు.

తోడేలు ఇంతవరకు తినలేదు. తోడేలు కండలో లార్వాలు లెక్కపెట్టే పని నాదే కాబట్టి, ఇకమీదటా తినను.

ఆ పెద్దాయనకి నా మీద ఒక్క కంప్లైంటు ఉంది. పాసైన మాంసానికి కూడా ఆయన వంటింట్లో నేను థర్మామీటర్ గుచ్చుతాను. "నువ్వే కదా బాగుందన్నావు, నీ పరీక్ష మీద నీకే నమ్మకం లేదా?" అంటాడు. మేం కరిగించి చూసేది కొన్ని గ్రాముల కండ. అందులో ఏమీ కనబడలేదంటే ఆ కొన్ని గ్రాముల్లో కనబడలేదనే అర్థం, జంతువు మొత్తానికి హామీ కాదు. ఇది ఆయనకి ప్రతి ఏడూ చెబుతాను. ప్రతి ఏడూ ఆయన పెదవి విరిచి, గిన్నె మూత తీసి పక్కకి జరుగుతాడు.